ఐదో ఛానల్

మగవాడు ఎవరి మీద కుళ్ళుకుంటాడు? పక్క దుకాణం వాడి మీద, తోడల్లుడి మీద, తనకన్నా ముందు డాబా వేసుకున్న దోస్తు మీద. నేను మాత్రం నా భార్య చెవుల మీద కుళ్ళుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. పదమూడేళ్ళు కడుపులో దాచుకున్న మంట ఇది, ఇప్పుడు చెప్పడానికి కొత్తగా సిగ్గేమిటి?

2001లో సూర్యాపేటలో దుకాణం తెరిచాను. బస్టాండు వెనక సందు, పైన రేకులు, ముందు ఒక బల్ల. మైకు సెట్లు, ఆంప్లిఫయర్లు, టేపు రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో చదివిన ఎలక్ట్రానిక్స్ డిప్లొమాకు అద్దం కట్టించి, గడపలో అడుగు పెట్టగానే కనపడేటట్టు గోడకు తగిలించాను. వచ్చినవాడు ముందు దాన్ని చూసి తర్వాత నన్ను చూడాలని నా ఆశ. ఒక్కడంటే ఒక్కడు చూడలేదు. దాని కింద వేలాడే క్యాలెండర్ మాత్రం అందరూ చూసేవాళ్ళు.

నా భార్య నాకు మేనమామ కూతురు. మోతె దగ్గర పల్లె, గొర్ల మంద ఉన్న ఇల్లు. ఐదో తరగతితో బడి మాని మంద దగ్గరే పెరిగింది. పొద్దు గూకి మంద దొడ్డికి చేరగానే, పగలంతా తట్టల కింద కమ్మిన గొర్రెపిల్లలను వదిలిపెడతారు. తల్లులన్నీ, పిల్లలన్నీ ఒక్కసారే అరుస్తాయి. ఏ పిల్ల ఏ తల్లిదో పట్టుకుని పాలకు విడవాలి. తప్పు తల్లి దగ్గరికి పంపితే అది కుమ్మి పారేస్తుంది. ఆ పని మా మామ ఇంట్లో ఈమెదే. కళ్ళతో కాదు, అరుపుతో పట్టేది. చిన్నప్పుడు సెలవులకు పోయి ఆ దొడ్డి గోడ మీద కూర్చుని నేను కూడా చూశాను. అప్పుడు నాకది పేడ వాసన కొట్టే పనిలాగే కనపడింది.

పెళ్ళయ్యాక మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని దుకాణానికి వచ్చేది. నేను తినేదాకా స్టూలు మీద కూర్చునేది. ఒకరోజు తిరుమలగిరి నుంచి వచ్చిన రెండు స్పీకరు డబ్బాలు బాగుచేసి, పాట పెట్టి, అన్నం కలుపుకుంటున్నాను. 

"బావా, ఆ ఎడమ డబ్బా ఏడుస్తున్నది" అంది.

"ఏడ్వనీ. నువ్వు పప్పు వెయ్యి."

వేసింది. కానీ నాకు ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని డబ్బా విప్పాను. లోపల తీగచుట్ట వెంట్రుకవాసి పక్కకు ఒరిగి అంచుకు రాసుకుంటోంది. నేను రెండు గంటలు విన్నాను, నాకు తెలియలేదు. ఆమె పప్పు గరిటె పట్టుకుని వింది, తెలిసింది.

"నాకు ముందే ఎర్కే. రేపు చేద్దామనుకున్న" అన్నాను.

"అట్లనా" అంది పాపం, నమ్మి. అదిగో, ఆ పూట మొదలైంది నా కడుపులో.

మిర్యాలగూడ నుంచి ఒకాయన వచ్చింది మరో మూడేళ్ళకు. రైసుమిల్లు వెనక రెండు గదుల్లో పాటల స్టూడియో నడిపేవాడు. గోడలకు గోనెపట్టాలు, కోడిగుడ్ల అట్టలు. ఊరూరా పాటలు పుడుతున్న కాలం కదా, డప్పు పట్టినవాళ్ళు, గొంతు ఉన్నవాళ్ళు ఆయన దగ్గరికే పోయి సీడీలు చేయించుకునేవాళ్ళు. హైదరాబాదులో ఎవరో తీసేసిన పదహారు ఛానళ్ళ మిక్సర్‌ను కొని, ఆటోలో వేసుకుని సూర్యాపేట దాకా తెచ్చాడు. మిక్సర్ అంటే మరేం లేదు. ఒక్కో మైకుకు ఒక్కో దారి ఉంటుంది, దాన్ని ఛానల్ అంటాం. గొంతుది ఒక దారి, డప్పుది ఒక దారి, కోరస్‌ది ఒక దారి. అన్నీ కలిసి బయటికి ఒకే పాటగా వస్తాయి.

"తమ్మీ, గొంతు ఒక్కటే పెడితే మంచిగనే ఉంటది. డప్పు తోడైందంటే సాలు, ఒకల నోరు ఒకలు మూస్తరు. రేకుల మీద వాన వడ్డట్టు ఒక్కటే మోత" అన్నాడాయన.

విప్పి చూశాను. ఒక్కో దారిలో రెండేసి ఐసీలు. ఎనిమిది కాళ్ళ నల్ల ముక్క, మైకు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచి పంపడం దాని పని. చవకది. నెట్ సెంటర్‌లో కూర్చుని వెతికితే ఒక సర్క్యూట్ బొమ్మ దొరికింది. ఆ ఐసీ చేసే పనినే విడివిడి ట్రాన్సిస్టర్లతో, చిన్న బోర్డు మీద ఒక్కొక్కటి అతికి చేయవచ్చు. పెద్ద పెద్ద రికార్డింగ్ థియేటర్లలో పాత రోజుల్లో అట్లాగే చేసేవారట. ఆ చిన్న బోర్డును మా దుకాణంలో బిళ్ళ అనేవాళ్ళం. పన్నెండు ట్రాన్సిస్టర్లు కలిస్తే ఒక బిళ్ళ. అందులో మొట్టమొదటి రెండూ ముఖ్యం. శబ్దం వాటి గుండానే లోపలికి పోతుంది. ఆ రెండూ కవల పిల్లల్లా ఒకటే తీరుగా ఉండాలి, లేకపోతే బిళ్ళ మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. కంపెనీ నుంచి వచ్చేవి ఒకే పేరుతో వచ్చినా ఏ రెండూ ఒకటి కావు. ఒక్కొక్కదాన్ని మీటర్‌లో పెట్టి, నంబరు చూసి, జత కలపాలి.

నాకేమో ముక్కు మీదే కోపం. రెండో రోజుకే విసుగెత్తి, అవి పోసిపెట్టుకున్న పళ్ళేన్ని ఎత్తి కొట్టాను. ట్రాన్సిస్టర్లు దుకాణమంతా చెల్లాచెదురైపోయాయి. ఆమె వంగి ఒక్కొక్కటే ఏరుకొచ్చి, "ఏం సూడాల్నో జర సెప్పు బావా" అంది.

"ఈ నంబరుకు ఆ నంబరు సమానం కావాలె. గంతే."

"గింతేనా? తల్లికి పిల్లను ఇడిసినట్టు."

మూడు మధ్యాహ్నాల్లో ముప్పై రెండు జతలు కట్టింది. రెండింటి ముఖాలూ కలిపి, తన పాత చీర అంచు నుంచి లాగిన ఎర్రదారంతో చుట్టి ముడి వేసింది. తల్లీపిల్లా అని పేరు కూడా పెట్టింది. ఎట్లా చేసిందో నేను చూడలేదు. ఆ మూడు మధ్యాహ్నాలూ నేను బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాను.

మిర్యాలగూడలో మిల్లు ఆగే మధ్యాహ్నపు గంటలోనే వాళ్ళు రికార్డింగ్ చేసుకునేవాళ్ళు. కొత్త బిళ్ళలు వేసిన రోజున నాట్లకు పోయే ఒక ఆమె పాడింది, పక్కన డప్పు. అబ్బ, ఆ శబ్దం! ఇదివరకు డప్పు పడగానే గొంతు ఎటో పోయేది. ఇప్పుడు పుల్ల తోలుకు తగలడం వేరుగా, తోలు పలకడం వేరుగా, వాటి మీద ఆమె గొంతు వేరుగా ఉన్నాయి. చరణం ఎత్తుకునే ముందు ఆమె పీల్చిన గాలి కూడా వినపడింది. స్టూడియో ఆయన చెవులకు పెట్టుకున్నవి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తమ్మీ, ఆమె ఊపిరి ఇనపడుతున్నదిరా! ఎవరు నేర్పిన్రు నీకు?"

"ఎవరు నేర్పుతారన్నా? చేతి పని."

"మరి గీ ఎర్రదారమేంది?"

"దానికొక లెక్క ఉన్నది" అన్నాను గంభీరంగా. నా మొహం, లెక్క! ఇంటికి వచ్చి ఆమెకు చెప్పింది ఒక్క మాట: పని అయింది. ఆయన ఏమన్నాడో చెప్పలేదు. చెబితే ఆమె వాటా ఆమెకు ఇవ్వాలి కదా.

దాచితే దాగేదా అది? కోదాడ నుంచి పెళ్ళిళ్ళకు మైకు సెట్లు పెట్టే ఒకాయన, మిర్యాలగూడ పాట విని వెతుక్కుంటూ వచ్చాడు. తన మిక్సర్‌ను బల్ల మీద పెట్టి పాట వేశాడు. నేను స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకునే లోపల, అన్నం గిన్నె సర్దుకుంటున్న ఆమె తలెత్తింది.

"అయ్యా, గా ఏడోది జర మొద్దుగున్నది."

ఆయన ఏడో ఛానల్ ఎత్తి దించి, ఎత్తి దించి విన్నాడు. "అమ్మా, నాలుగు నెలల నుంచి ఎక్కడో తేడా కొడుతోందని కొట్టుకు ఛస్తున్నానండీ. ఎలా పట్టారండీ మీరు?"

"ఇనపడ్డది" అంది ఆమె, గిన్నె మూత పెడుతూ.

ఇక చూడండి నా బతుకు. కోదాడంతా పాకిపోయింది. ఫోను చేసినవాడల్లా, "చెల్లెమ్మగారు విన్నారాండీ?" మిర్యాలగూడ ఆయన కూడా, "తమ్మీ, చెల్లె ఇన్నదా?" నేరేడుచర్ల మైకు సెట్టు వాళ్ళయితే నన్ను దాటుకుని నేరుగా స్టూలు దగ్గరికి పోయి నిలబడేవాళ్ళు. డిప్లొమా నాది, దుకాణం నాది, బోర్డు మీద పేరు నాది, సోల్డరింగ్ పొగ పీల్చేది నేను. చెవులు మాత్రం ఆమెవి! ఒళ్ళు మండిపోయేది. పప్పులో ఉప్పు ఎక్కువైందని గిన్నె నెట్టేసేవాణ్ణి. ఉప్పు సరిగ్గానే ఉండేది.

అప్పుడు ఒక పాడు ఆలోచన పుట్టింది. ఒక మిక్సర్‌లో ఐదో ఛానల్ బిళ్ళలు పీకి పాత ఐసీలు పెట్టాను. మిగతావన్నీ ఆమె కట్టిన జతలే. ఒకే పాటను ఒక్కో ఛానల్‌లో వరుసగా వేశాను.

"దీంట్లో ఒక్కటి పాతది ఉన్నది. ఏదో పట్టు."

కళ్ళు మూసుకుని తల కొంచెం పక్కకు వంచింది. దొడ్డిలో అట్లాగే వంచేది. పదహారూ అయ్యేదాకా కూడా ఆగలేదు. "ఐదోది."

నాకు మీటర్ పెడితే గానీ తెలియదు ఆ సంగతి.

"తప్పు. పదకొండోది" అన్నాను.

"మల్లొక్కసారి పెట్టు." పెట్టాను. "ఐదోదే అనిపిస్తున్నది బావా."

"అనిపిస్తే ఏమైతది? నా దగ్గర మీటరున్నది."

నా మొహంలోకి చూసింది. నేను అబద్ధం చెబుతున్నానేమో అని చూస్తుందనుకున్నాను. కాదు. ఆ అనుమానం ఆమెకు రానే లేదు. మిక్సర్‌ను చూసింది, తన చేతులను చూసుకుంది, "అట్లనా" అంది.

ఒక్కసారితో ఊరుకుంటే మనిషినే. తర్వాత కొన్ని నెలలపాటు, పదిహేను రోజులకోసారి అదే ఆట. మూడోది పెట్టేవాణ్ణి, మూడు అనేది, తప్పనేవాణ్ణి. తొమ్మిది పెట్టేవాణ్ణి, తొమ్మిది అనేది, తప్పనేవాణ్ణి. రాను రాను ఆలోచించి చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత "ఏమో బావా" అనడం మొదలుపెట్టింది. ఉన్నమాట చెబుతాను, ఆమె మొదటిసారి "ఏమో" అన్న పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

చివరికి పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. "నా సెవులు సక్కగ లెవ్వు బావా. కండ్లు గూడ పోతున్నయేమో. నువ్వే కట్టుకో." ఎవరైనా మిక్సర్ తెస్తే లేచి పక్కకు పోయేది. కోదాడ ఆయన అడిగితే, "నాకు సమజ్ కాదయ్యా, ఆయన్నే అడుగున్రి" అంది. దుకాణం నాదైపోయింది.

ఆ వేసవిలో కోదాడ ఆయన కొత్త మిక్సర్ ఒకటి తెచ్చి, ఛానళ్ళన్నిటికీ బిళ్ళలు వేయమన్నాడు. జతలు నేనే కట్టాను. మే నెల, పైన రేకులు. ట్రాన్సిస్టర్‌ను రెండు వేళ్ళ మధ్య పట్టి మీటర్‌లో గుచ్చితే నంబరు నిలవదు, ఎక్కుతూనే ఉంటుంది. దాని సంగతి చూసే ఓపిక ఎవరికుంది? నా ఓపిక ఎక్కడ చచ్చిందో అక్కడి నంబరు రాసుకున్నాను. జత కలిపి, ఆమె డబ్బాలో నుంచి ఎర్రదారం తీసి, ఆమె వేసినట్టే ముడి వేశాను. చూసినవాడికి తేడా తెలియకూడదని.

కోదాడలో ఆయన ఇంటి వసారాలోనే మిక్సర్ పెట్టాం. మొదటి గుండీ నొక్కగానే స్పీకర్లలో టప్పుమని పేలింది. శబ్దం పెంచే ఫేడర్ జరిపితే గరగర. రెండోది అంతే, మూడోది అంతే, ఒక్కటి మిగల్లేదు. అన్ని బిళ్ళలూ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆయన పెద్దమనిషి, గట్టిగా ఏమీ అనలేదు. ఒక బిళ్ళను వేలితో తిప్పి దారం చూశాడు.

"ఏమండీ, ఇది చెల్లెమ్మగారు చూడలేదు కదూ?"

ఇంతకన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది. మిక్సర్‌ను చాపలో చుట్టి, బస్సు పైన కట్టించి, దారి పొడుగునా ఆమెనే తిట్టుకుంటూ సూర్యాపేటకు వచ్చాను. కావాలనే చేసింది, కావాలనే పళ్ళెం నా ముందు పడేసింది, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయాలని చూసింది. గడప దాటగానే ఏమేం అనాలో మాటలన్నీ వరుసగా పెట్టుకున్నాను.

ఇంటికి తాళం వేసి ఉంది. కాసేపటికి ఆమే వచ్చింది, చెంగు కొనకు ఏదో కాగితం ముడి వేసుకుని.

"ఏడికి పోయినవ్?"

"దవాఖానకు."

"ఏమైంది?"

"సెవులు సూపిచ్చుకొని వచ్చిన."

ఆమె కాగితం మడతలు విప్పుతూ చెబుతూనే ఉంది. "ఒక దిక్కుది ఇంకో దిక్కు ఇనపడుతున్నది సారూ అని సెప్పిన. ఇనుప పుల్ల కొట్టి ముందట పెట్టిండు, ఎనుక పెట్టిండు. ఏం లేదమ్మా, నా సెవులకంటె మంచిగున్నయన్నడు. నాకు నమ్మబుద్ధి కాలే. మల్లొక్కసారి సూడున్రి సారూ అన్న. పోవమ్మా అని కసిరిండు."

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని నెలలుగా ఆమె తలగడ మీద నూనె మరక. వెల్లుల్లి నూనె వాసన. ఏం కంపు ఇది అని నేనే రెండుసార్లు తలగడ విసిరేశాను. కాచి చెవుల్లో పోసుకుంటోందన్నమాట.

"ఐదోదే" అన్నాను.

"ఏంది?"

"ఆ దినం నేను పెట్టింది ఐదోదే. పదకొండోది కాదు. తర్వాత చెప్పినవి కూడా. అన్నీ నువ్వు చెప్పిందే నిజం."

"అన్నీనా?"

"అన్నీ."

ఏడుస్తుందనుకున్నాను. తిడితే బాగుండు, చేతిలో ఉన్నది నా మొహాన కొడితే బాగుండు అనుకున్నాను. ఆమె ఆ దవాఖాన చీటీని మళ్ళీ మడతల ప్రకారమే మడిచింది.

"యేడాది సంది నా సెవులను నేనే నమ్ముతలేను బావా. పాలు పొంగే సప్పుడైనా, లేసి పోయి కండ్లతోటి సూసి వస్తున్న. వాకిట్ల ఎవరన్న పిలిస్తె నన్నేనా అని అడుగుతున్న." చీటీని మళ్ళీ చెంగు కొనకు ముడి వేసుకుంది. "ఎందుకు జేసినవ్?"

"కుళ్ళు" అన్నాను. ఇంకేం చెప్పను?

"ఇగ నాకు పరీక్ష పెట్టకు."

చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

మర్నాడు కోదాడ మిక్సర్ జతలన్నీ విప్పి మళ్ళీ కట్టింది. ఈసారి పక్కన కూర్చుని చూశాను. మట్టి మూకుడును బోర్లించి, దాని మీద తడిగుడ్డ పరిచి, పళ్ళెం దాని మీద పెట్టింది. ట్రాన్సిస్టర్లను నీడలో గంటసేపు ముట్టుకోలేదు. తర్వాత, ముల్లు తీసే చిమటాతో ఒక్కొక్కటే ఎత్తి మీటర్‌లో పెట్టింది. నంబరు కదలకుండా నిలబడింది.

"ఏలుతోటి వట్టుకుంటె అది నీ వేడి సెప్తది, దాని వేడి గాదు" అంది. డిప్లొమాలో నేను చదివిన ముక్కే అది, వేడికి ట్రాన్సిస్టర్ నంబరు పెరుగుతుందని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆ తర్వాత ఆమె మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. కోదాడ, మిర్యాలగూడ, నేరేడుచర్ల, ఎవరు ఏం తెచ్చినా విని ఉన్నదున్నట్టు చెప్పేది. మూడోది మొద్దు, ఎనిమిదోది గరుకు, ఎడమది ఏడుస్తున్నది. నాకు కుళ్ళు పోయిందనుకోకండి. ఇప్పుడు ఇంకో దిక్కు నుంచి తగులుకుంది. నేను ఏది చేసి వినిపించినా, "ఎట్లున్నది?" అంటే ఆమె ఒకటే మాట: "మంచిగున్నది బావా." బాగున్నదానికీ అదే, బాగాలేనిదానికీ అదే. కోదాడ ఆయనకు దొరికే మాట నాకు దొరకదు. మిర్యాలగూడ ఆయనకు, దారిన పోయే మైకు సెట్టు వాడికి దొరికేది నాకు దొరకదు. బల్ల దగ్గర ఆమె వాళ్ళతో చెబుతుంటే, లోపల సోల్డరింగ్ ఆపి చెవులు రిక్కించి వినేవాణ్ణి.

2014లో దుకాణం వెనక గదిని స్టూడియో చేసుకున్నాను. నా సొంత మిక్సర్, పన్నెండు ఛానళ్ళు, పెట్టెతో సహా నేనే కట్టాను. జతలన్నీ ఆమెవే. ఇన్నేళ్ళలో అంత మంచి పని నా చేతిలో ఎన్నడూ పడలేదు. ఆమెను పిలిచే ముందు ఏం చేశానో తెలుసా? ఐదో ఛానల్ బిళ్ళలు తీసి పాత ఐసీలు పెట్టాను. ఒట్టు గుర్తుంది. కానీ ఆమె నోటితో "ఐదోది" అన్న మాట ఒక్కసారి, నాతో, నా కోసం అంటే వినాలని ప్రాణం కొట్టుకుంది.

మిర్యాలగూడలో నాట్ల ఆమె పాడిన పాటనే వేశాను. ఒకటి, రెండు, మూడు. ఆమె కళ్ళు మూసుకుంది, తల పక్కకు వంచింది. ఐదో ఛానల్ రాగానే కళ్ళు తెరిచింది. నా వైపు చూసింది. మళ్ళీ మూసుకుని పన్నెండూ అయ్యేదాకా విన్నది.

"ఎట్లున్నది?" అన్నాను.

"అన్నీ ఒక్కతీరుగున్నయ్ బావా."

బల్ల దగ్గర ఎవరో వచ్చి పిలుస్తున్నారు. ఆమె లేచి, గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఏం బావా? తప్పా?"

"కాదు" అన్నాను. "అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్."